గోవా రిసార్టుకి మేమూ వెళ్ళాలా?

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై ఒకటి. భర్తకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఐదో తరగతి. డెబ్బై దాటిన అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు.

భర్తకి కాలేజీ రోజుల నాటి స్నేహితులు ముగ్గురు. ఒకాయన కాంట్రాక్టులు చేస్తారు. ఒకాయనకి తుళ్ళూరు వైపు పొలం కలిసొచ్చింది. మూడో ఆయనా ఆయన భార్యా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నాలుగు కుటుంబాలూ ఏటా ఎక్కడికో ఒకచోటికి కలిసి వెళ్తారు. శ్రీశైలం, అరకు, సూర్యలంక అయిపోయాయి. ఈసారి సంక్రాంతి సెలవుల్లో దక్షిణ గోవాలో సముద్రం ఒడ్డున ఒక ఫైవ్ స్టార్ రిసార్టు అనుకున్నారు. కనుమ నాడు బయలుదేరి మూడు రాత్రులు ఉండాలి. గది రాత్రికి 18,000, పన్ను అదనం, పొద్దుటి టిఫిన్ అందులోనే. అమ్మాయికి అదనపు మంచం రాత్రికి 3,500. "ఫ్యామిలీకి ఎనభై వేలు, అంతే" అని వాట్సాప్ గ్రూపులో తేల్చేశారట. విమానం టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. వీళ్ళ నలుగురికీ అవి 36,000 అవుతాయని ఈమె చూసి పెట్టుకున్నారు.

షాపులో బేరాలు మూడేళ్ళుగా అంతంతమాత్రం. ఇంటి లోను నడుస్తోంది. భర్త "మేం రాలేం" అనలేకపోయారు. పైగా ఈమెకు చెప్పకుండా 20,000 అడ్వాన్స్ కట్టేశారు. ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూసి అడిగితే, "అందరూ వెళ్తుంటే మనమొక్కళ్ళం ఆగిపోతే ఏం బాగుంటుంది?" అన్నారు. అత్తగారేమో, "పండగపూట ఇంటికి తాళమా? కనుమ నాడు కాకి కూడా కదలదు" అని అలిగి కూర్చున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈమె ఇంటి ఖర్చులో మిగిల్చి ఒక చీటీ కడుతున్నారు. ఫిబ్రవరిలో లక్షన్నర చేతికొస్తుంది. అమ్మాయి ఇంజనీరింగ్ కోసం దాచినది. ఆ చీటీ సంగతి భర్తకి తెలియదు.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "పద్దెనిమిదేళ్ళ కాపురంలో వరసగా మూడు రోజులు పొయ్యి వెలిగించకుండా ఎప్పుడూ లేను. నిజం చెప్పాలంటే నాకూ వెళ్ళాలనే ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేను. ఏం చేయమంటారు?"

సమాధానం

మీకు వెళ్ళాలని ఉండటంలో తప్పేమీ లేదమ్మా. ముందు ఆ సంగతి పక్కన పెట్టేద్దాం. మీ ఉత్తరంలో మూడు పేజీల పైన స్నేహితులు, అప్పులు, అత్తగారి అలక ఉన్నాయి. మీ కోరిక గురించి ఉన్నవి మూడు నాలుగు వాక్యాలే. వాటిలోనూ సముద్రం ఊసు లేదు. మీరు అడుగుతున్నది విశ్రాంతి. మీవారు కోరుకునేది వేరు: స్నేహితుల మధ్య తన చోటు తనకి ఉండాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే రిసార్టు మీద పెట్టారు కాబట్టి ఇది తెగడం లేదు. విడదీసి చూస్తే రెంటికీ అయ్యే ఖర్చు ఒకటి కాదు.

ఖరీదైన రిసార్టులో దండగ తప్ప ఏమీ ఉండదని నేను అనను. మీలాంటి వాళ్ళకి అక్కడ దొరికేది చిన్నది కాదు. పొద్దున లేవగానే పాల ప్యాకెట్ గుర్తుకు రాదు. టిఫిన్ దగ్గర ఎవరికి ఏం కావాలో వాళ్ళే పెట్టుకుంటారు. పక్క సర్దే పని లేదు, తడి తువ్వాలు ఎవరు ఎక్కడ పడేశారన్న గొడవ లేదు. పిల్లలు ఈతకొలను దగ్గర ఉంటే అక్కడ కాపలా మనిషి ఉంటాడు. సముద్రం గది నుంచి నాలుగడుగులు కాబట్టి బీచ్‌కి వెళ్ళడం అనేది ఒక ప్రయాణం కాదు. ఎండ తగ్గాక వెళ్ళొచ్చు, విసుగొస్తే వెనక్కి వచ్చేయొచ్చు. ఇసుక కాళ్ళతో కారెక్కి రెండు గంటలు కూర్చోనక్కర్లేదు. జనవరిలో గోవా సముద్రం వానాకాలంలోలా విరుచుకుపడదు, ఎండా మరీ మండదు. డబ్బు పుచ్చుకుని వాళ్ళు ఇచ్చేది ఈ సదుపాయాన్నే.

కానీ ఇదంతా రిసార్టులో ఉన్నవాళ్ళకి. మీరు రాసిన ప్లాన్ చూడండి. మొదటి రోజు ఓల్డ్ గోవా చర్చీలు, రెండో రోజు బాగా, కలంగూట్ బీచ్‌లు, మూడో రోజు దూద్‌సాగర్ జలపాతం. మీ రిసార్టు దక్షిణాన. బాగా, కలంగూట్ ఉత్తరాన. పండగ రద్దీలో ఒక్క వైపుకే గంటన్నర పైన కారులో కూర్చోవాలి. పైగా రిసార్టుల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో, ఖాళీ చేయమనేది పదకొండుకో పన్నెండుకో. మూడు రాత్రులు అంటే మీ చేతికి వచ్చేది రెండు పూర్తి రోజులే. ఆ రెండు రోజులూ టిఫిన్ తిని కారెక్కి, చీకటి పడ్డాక దిగితే, 18,000 గదిలో మీరు చేసేది నిద్రపోవడం. దానికి మూడు వేల గది చాలు. ఊరంతా తిరగాలనుకునే వాళ్ళకి రిసార్టు దండగ. కదలకుండా కూర్చోవాలనుకునే వాళ్ళకి దండగ కాదు. మీ గుంపులో ఎవరు ఏ రకమో నాకు తెలియదు గానీ, ప్లాన్ రాసినవాళ్ళు మాత్రం కూర్చునే రకం కాదు.

'ప్రైవేట్ బీచ్' అన్న మాట కూడా మీ గ్రూపులో గట్టిగానే వినిపించినట్టుంది. మన దేశంలో సముద్రపు ఒడ్డు ఎవరికీ సొంతం కాదు. రిసార్టుకి ఉండేది ఒడ్డు పక్కన స్థలం, లోపలి నుంచి నేరుగా దారి, నాలుగు పడక కుర్చీలు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు ఎనభై వేల లెక్క. గది మూడు రాత్రులకి 54,000. రాత్రికి 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, అంటే 9,720. మొత్తం 63,720. మీ అమ్మాయి వయసు పిల్లల్ని చాలాచోట్ల పెద్దవాళ్ళ కిందే లెక్కేస్తారు కాబట్టి ఆ అదనపు మంచం తప్పదు. పన్నుతో కలిపి దానికి 12,390. ఇక్కడికి 76,110. మీ గ్రూపు చెప్పిన ఎనభై వేలు ఇక్కడితో ఆగింది. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు ఇందులో లేవు. అంత ఖరీదు గదులున్న హోటల్లో భోజనం మీదా పన్ను 18 శాతమే, బయటి రెస్టారెంటులో అయితే 5 శాతం. లోపల ఒక పూట నలుగురికీ ఐదు వేలు వేసుకుంటే, మూడు రోజులకి 30,000. టికెట్లు 36,000. అన్నీ కలిపితే 1,42,110. ట్యాక్సీలు, పిల్లవాడు అడిగే స్పీడ్ బోటు, మీ ఆడపడుచుకి తీసుకెళ్ళే జీడిపప్పు ఇంకా కలపలేదు.

మీ చీటీ లక్షన్నర. రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారు కదా. ఈ లోటు పూడ్చడానికి ఆ చీటీని ఎవరికీ చెప్పకుండా తీయాలన్న ఆలోచన మీకు వచ్చిందో లేదో మీరు రాయలేదు. వచ్చే ఉంటుందని నా అనుమానం. ఆ పని మాత్రం చేయొద్దు. అమ్మాయి చదువు డబ్బు అన్న కారణం ఒక్కటే కాదు. ఎక్కడి నుంచో డబ్బు సర్దుబాటైతే, "మనకి ఈ స్థాయి ఖర్చు కుదురుతుంది" అని మీవారికి నమ్మకం కుదురుతుంది. వచ్చే ఏడు గ్రూపువాళ్ళు అండమాన్ అంటారు. అప్పటికి చీటీ ఉండదు. చీటీ సంగతి మీవారికి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. నాకైతే అందులో దొంగతనం ఏమీ కనబడలేదు. చెప్పేట్లయితే అమ్మాయి ఇంజనీరింగ్ పేరుతో చెప్పండి, గోవా మాట మధ్యలో వద్దు.

ఇక అడ్వాన్స్. మీకు కష్టం కలిగింది 20,000 గురించి కాదు, మీకు చెప్పకుండా కట్టినందుకు. ఆ కోపం న్యాయమే. అయితే ఆ తగువునీ ప్రయాణం వెళ్ళాలా మానాలా అన్న ప్రశ్ననీ ఒకే రాత్రి తేల్చుకోకండి. "చెప్పకుండా ఎందుకు కట్టావు" అని మొదలుపెడితే, ఆయన తాను చేసింది సరైన పనే అని నిరూపించుకోవడానికి ఎలాగైనా తీసుకెళ్ళి తీరతారు. ముందు కాగితం మీద ఆ 1,42,110 లెక్క పెట్టండి. షాపు నడిపే మనిషికి అంకెలతో మాట్లాడితే అవమానంగా అనిపించదు. ఇంకొకటి, "కట్టిన 20,000 పోతాయి" అని ఆయన అంటారు. పోవచ్చు. ఆ ఇరవై పోకుండా ఉండాలని ఇంకో లక్షా ఇరవై పెట్టడం ఏం లెక్కో ఆయన్నే అడగండి. రోజూ సరుకు కొని అమ్మే మనిషి కదా, ఆయనకి తెలుసు.

మీ ముందు నాలుగు దారులున్నాయి. వేటిలోనూ అందరూ సంతోషించరు.

అనుకున్నట్టే మూడు రాత్రులూ వెళ్ళొచ్చు. స్నేహితుల దగ్గర మాట దక్కుతుంది, పిల్లలు సంబరపడతారు. కానీ ఈ డబ్బులో ఎంతో కొంత క్రెడిట్ కార్డు మీద పడుతుంది. నెలనెలా కొంచెం కొంచెంగా కడితే దాని వడ్డీ ఇంటి లోను వడ్డీకి నాలుగింతలు కూడా అవుతుంది. ఈ దారి పట్టేట్లయితే ఒక షరతు పెట్టుకోండి: ఒక రోజు పూర్తిగా మీరు రిసార్టు వదిలి కదలరు. మిగతావాళ్ళు బాగా వెళ్తారో దూద్‌సాగర్ వెళ్తారో వాళ్ళిష్టం. పిల్లల్ని వాళ్ళ నాన్న తీసుకెళ్తారు. ఈ మాట ఇక్కడే ఒప్పించుకోండి. అక్కడికి వెళ్ళాక, "నువ్వొక్కదానివీ రాకపోతే ఎలా?" అని మిగతా ఆడవాళ్ళే మిమ్మల్ని కారెక్కిస్తారు.

రెండో దారి, ఒక రోజు ఆలస్యంగా వెళ్ళి రెండు రాత్రులు ఉండటం. కనుమ నాడు ఇంట్లో ఉంటారు, కాకి సామెతకీ మర్యాద దక్కుతుంది, ముక్కనుమ నాడు బయలుదేరతారు. గది, మంచం, భోజనాలు ఒక్కో రోజు తగ్గితే మీకు 35,000 పైగా మిగులుతుంది. "అమ్మ పండగ పట్టింపు" అంటే స్నేహితులు కూడా ఇంకేమీ అనరు. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది ఇదే. అయినా లక్షా ఆరు వేలు అవుతుంది. అది కూడా అప్పే అయితే, తక్కువ అప్పు అంతే.

మూడోది కొంచెం గుండె ధైర్యం కావాల్సిన పని. గుంపుతోనే వెళ్ళి, మీరు మాత్రం ఆ పక్కనే మామూలు హోటల్లో దిగడం. ఒడ్డు అందరిదీ అన్నాను కదా, సాయంత్రాలు అందరూ అక్కడే కలుస్తారు. రాత్రికి 7,500 లోపు గదికి 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 5 శాతమే. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. అదే 7,600 అయితే 8,968. రెండు వందల తేడాకి పన్నెండు వందలు ఎక్కువ కడతాం, ఆ గీత దాటకుండా చూసుకోండి. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, వాళ్ళ ఈతకొలనులోకి మీ పిల్లల్ని రానివ్వరు. పదేళ్ళ పిల్లవాడికి సముద్రం కంటే ఈతకొలనే ఎక్కువ. "మనమెందుకు అక్కడ లేము?" అని వాడు నలుగురి ముందూ అడుగుతాడు. మీవారు దాన్ని తట్టుకోగలరా అన్నది మీకే తెలియాలి. తట్టుకోలేరనుకుంటే ఈ దారి వద్దు. డబ్బు మిగిలినా మనిషి ముడుచుకుపోతాడు.

నాలుగోది, ఈ ఏడు గుంపుతో మానేసి మీ కుటుంబం మాత్రం వేరే సమయంలో వెళ్ళడం. సంక్రాంతి సమయంలో గోవా రేట్లు ఎలాగూ ఎక్కువే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, సముద్రంలోకి దిగనివ్వరు, రిసార్టు ధరలు బాగా పడిపోతాయి. ఈత కావాలనుకునే వాళ్ళకి అది నష్టం. వరండాలో కూర్చుని, ఎవరో తెచ్చిచ్చిన కాఫీ తాగుతూ వాన చూడాలనుకునే మనిషికి నష్టమేముంది? పిల్లల చదువుల వల్ల సెలవు దొరకడం కష్టమే. దసరా సెలవులు ఉన్నాయి కానీ, నవరాత్రుల్లో బెజవాడ ఇల్లు ఖాళీగా ఉంటుందా? అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలకి మీరే వంట చేస్తుంటారు. కుదిరితే ఆగస్టులో రెండు మూడు సెలవులు కలిసొచ్చిన వారం చూసుకోండి. విజయవాడ, గుంటూరు మీదుగా వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మడ్గావ్‌లో దిగొచ్చు. దాదాపు ఒక రోజు రైల్లోనే పోతుంది, కానీ విమానం ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. దూద్‌సాగర్ కూడా ఆ దారిలోనే, రైలు కిటికీలోంచే కనబడుతుంది.

సూర్యలంక, మంగినపూడి ఉండగా గోవా దాకా ఎందుకని కూడా మీరు అడిగారు. ఒక్క పూటకైతే అవే మేలు. బాపట్ల దాకా వెళ్తే సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లే, ఒడ్డునే టూరిజం వాళ్ళ హరిత రిసార్టు ఉంది, సూర్యోదయం గదిలోంచే చూడొచ్చు. కానీ సంక్రాంతి సెలవుల్లో అక్కడ జనాన్ని చూస్తే మీకు విశ్రాంతి అన్న మాటే గుర్తుండదు. పైగా దగ్గర కదా అని అత్తగారు పులిహోర కలపమంటారు, మీ చేతిలో స్టీలు గిన్నెలు ఉంటాయి. మీరు తప్పించుకోవాలనుకుంటున్నది అదే కదా! ఫిబ్రవరిలో ఏదో ఒక మంగళవారం, బుధవారం చూసుకుని, టిఫిన్ కూడా కట్టుకోకుండా వెళ్తే అప్పుడు సూర్యలంకకి సాటి లేదు. అక్కడ ఒడ్డు లోతు లేనట్టే కనిపిస్తుంది, లోపల లాగే నీరు ఉంటుంది. పిల్లవాణ్ణి మోకాలి లోతు దాటనివ్వకండి.

అత్తగారి గురించి పెద్దగా చెప్పేది లేదు. కనుమ దాకా ఇంట్లో ఉంటే ఆవిడ సగం అలక తీరుతుంది. ఆ తర్వాత రెండు రోజులు గుడివాడలో మీ ఆడపడుచు ఇంట్లో ఉండటానికి ఆవిడకి అభ్యంతరం లేదని మీరే రాశారు. ఆవిణ్ణి కూడా గోవా తీసుకెళ్దామని మాత్రం మొహమాటానికి అనకండి. మోకాళ్ళ నొప్పితో ఇసుకలో నడవలేరు. నాలుగు కుటుంబాల సందడిలో ఒక్కరే గదిలో టీవీ ముందు కూర్చోవాల్సి వస్తుంది, ఆ గది అద్దె వేరే.

ఇవన్నీ వద్దు, ఇంట్లోనే మూడు రోజులు వంట మానేస్తానని మీరు అనుకోవచ్చు. చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరో ఒకరు "కాస్త చారు పెట్టకూడదూ" అంటారు, మీరు లేచి పెడతారు. ఇంటి నుంచి బయటపడటానికి ఎంతో కొంత డబ్బు ఖర్చు పెట్టడం మీ విషయంలో దుబారా కాదు. ఆ ఎంతో కొంత లక్షా నలభై వేలు కానక్కర్లేదు అంటున్నాను.

మీవారి మాటకొస్తే, ఆయన భయం స్నేహితులు తక్కువగా చూస్తారని. ఆ ముగ్గురిలో ఎవరికి చెబితే నవ్వకుండా వింటారో ఆయనకి తెలుసు. గ్రూపులో మెసేజ్ పెట్టకుండా, ఆ ఒక్కరికీ ఫోన్ చేసి "ఈ ఏడు షాపు పరిస్థితి ఇది, రెండు రాత్రులే వస్తాం" అనో, "రాలేం" అనో చెప్పమనండి. మిగతా ఇద్దరికీ ఆ స్నేహితుడే చెబుతాడు. పాతికేళ్ళ స్నేహాల్లో ఇలాంటివి ఎప్పుడూ జరిగేవే.

వెళ్ళాలనే తేలితే, బయలుదేరేలోపు రిసార్టుకి మీరే ఫోన్ చేయండి, వాట్సాప్ గ్రూపుని నమ్ముకోకండి. ఏ తేదీ దాకా రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారు, ఒక రాత్రి తగ్గించుకోవచ్చా, పదేళ్ళ పిల్లవాడికి టిఫిన్ డబ్బు వేరేనా, 'సీ వ్యూ' అంటే సముద్రం నేరుగా కనబడుతుందా, మూల నుంచి తొంగి చూడాలా. ఈ జవాబులు మెయిల్‌లో రాసి పంపమనండి. అక్కడ బిల్లులు కుటుంబానికి ఒకటిగా, మీ గది నంబరు మీద వేయించుకోండి. మీవారు తాగరని రాశారు. మొత్తం బిల్లుని నాలుగు భాగాలు చేస్తే మిగతావాళ్ళ బీరు డబ్బులో నాలుగో వంతు మీదే అవుతుంది. సర్వీస్ చార్జీ అని కలిపితే తీసేయమని అడగొచ్చు. హోటళ్ళు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వీటన్నిటికంటే ముందు కనుక్కోవాల్సింది ఆ రద్దు గడువు. అది దాటేలోపు మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి కాబట్టి, ఫోన్ రేపే చేయండి.